ధర్మవరం నుంచి బెంగళూరుకు, ఒక చీలమండ కోసం

ఆటలాడే పిల్లలకు కాలు బెణికితే మన ఇళ్లలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. "రెండు దినాలుంటే అదే పోతాది" అంటారు. చింతపండు, ఉప్పు కలిపి ఉడికించి పట్టు వేస్తారు. మరీ వాస్తే కట్టు కట్టేవాళ్ల దగ్గరికి తీసుకుపోతారు. చాలామందికి తగ్గిపోతుంది కూడా, అందులో అబద్ధం లేదు. తగ్గనివాళ్ల సంగతే ఎవరూ మాట్లాడరు. వాళ్లు మెల్లగా గ్రౌండుకు రావడం మానేస్తారు. "ఆ పిల్లకు కాలిలో బలం లేదు" అని ఒక మాట అనేసి జట్టులోకి ఇంకొకరిని తీసుకుంటారు. అట్లా ఆట మానేసిన ఆడపిల్లలు మా ధర్మవరంలో నాకు తెలిసినవాళ్లే ఎందరో ఉన్నారు. మా అక్క కూతురు ఆ వరసలో చేరకూడదని బెంగళూరు దాకా తిరిగాం. ఆ తిరుగుడు గురించే ఇది. మాలాంటి ఇంకో కుటుంబానికి దారి కొంచెమైనా సులువు కావాలని రాస్తున్నాను.

పాపకు పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఆడేది ఖోఖో. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఖోఖో ప్రపంచ కప్‌లో మన మహిళల జట్టూ పురుషుల జట్టూ రెండూ ఫైనల్లో నేపాల్‌ను ఓడించి కప్పు గెలిచాయి. ఆ ఆటలు ఫోన్లో చూసిన రాత్రి నుంచి ఈ పిల్లకు వేరే ధ్యాస లేదు. ఖోఖోలో తరిమేవాళ్లు పరుగు మధ్యలో వెనక్కి తిరగకూడదు. స్తంభం చుట్టి వస్తేనే దిక్కు మార్చుకునేది. వేగం తగ్గకుండా వచ్చి, ఒక చేత్తో స్తంభం పట్టి, ఒంటి కాలి మీద గిర్రున తిరగాలి. ఆ క్షణంలో ఒంటి బరువంతా పాదం అంచు మీద పడుతుంది. కింద మట్టి కాస్త జారినా పాదం లోపలికి మడతపడుతుంది.

మా పాపకు మొదటిసారి అట్లాగే అయింది. ఊళ్లోనే ఒకచోట బిగించి కట్టు కట్టించారు. కట్టు విప్పాక ఎట్లా నడవాలో, కాలికి ఏ పని చెప్పాలో ఎవరూ చెప్పలేదు. వాపు దిగింది, మళ్లీ ఆడింది, మళ్లీ మడతపడింది. తర్వాత్తర్వాత ఆట దాకా పోనక్కర్లేకుండా పోయింది. మెట్టు దిగుతున్నా, రోడ్డు మీద చిన్న రాయి తగిలినా, చివరికి వాళ్ల నాయన మగ్గం గుంట పక్కన నడుస్తున్నా కాలు తప్పేది. "నొప్పి ల్యా మామా, కాలి మీద నమ్మకమే ల్యా" అనేది. తర్వాత బెంగళూరులో డాక్టరు గారు పాప నోటి నుంచి ఆ మాట విని, చేతిలో ఉన్న కాగితాలు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగారు. నొప్పి కన్నా ఆ అపనమ్మకమే ఈ జబ్బుకు అసలు గుర్తు అన్నారు.

ఆపరేషన్ కోసం బయల్దేరిన రోజు ముంబై నుంచి వచ్చే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేను, మా బావ, పాప. తెల్లవారడానికి ఇంకా టైముంది. అక్క కట్టిచ్చిన చిత్రాన్నం డబ్బా బావ ఒళ్లో, ఎక్స్‌రే, ఎంఆర్ఐ ఫిల్ములున్న పెద్ద కవరు నా ఒళ్లో. పెనుకొండ వచ్చేసరికి వెలుతురు వచ్చింది. కొండ మీది కోట గోడలు కనబడుతుంటే పాప కిటికీకి ముఖం ఆనించి చూసింది. హైస్కూల్లో ఉండగా పిల్లలందరికన్నా ముందు ఆ కొండ ఎక్కి నిలబడింది ఈ పిల్లే. ఇప్పుడు స్టేషను బ్రిడ్జి మెట్లు దిగాలన్నా కమ్మీ వదలదు.

ఇదే దారిలో మొదటిసారి వెళ్లినప్పుడు మా ఇద్దరి మనసులోనూ ఒకటే ఉండింది. పెద్ద ఊరు, పెద్ద డాక్టరు, కోసి కుట్టేస్తే అయిపోతుంది అనుకున్నాం. ఆ రోజు జరిగింది వేరు. డాక్టరు గారు పాపను బల్ల అంచున కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడనిమ్మన్నారు. ఒక చేత్తో పిక్క ఎముకను ముందు నుంచి గట్టిగా పట్టుకున్నారు. రెండో చెయ్యి మడమ వెనక పెట్టి పాదాన్ని మెల్లగా ముందుకు లాగారు. మంచి కాలు కొంచెం కదిలి టక్కున ఆగింది. దెబ్బ తగిలిన కాలు ఆగలేదు, ఇంకా ముందుకు జరిగింది. బయటి వైపు ఎముక బుడిపె ముందర చర్మం లోపలికి పీల్చుకుని చిన్న గుంట పడింది. నా కళ్ల ముందే. "చూశారా, ఇక్కడ పట్టి ఆపాల్సింది ఆపడం లేదు" అన్నారు.

ఆయన కన్నడిగుడైనా అమ్మమ్మది హిందూపురమట, మాతో తెలుగులోనే మాట్లాడారు. చీలమండ బయటి వైపు మూడు లిగమెంట్లు ఉంటాయని చెప్పారు. ముందున్నది ఒకటి, కిందికి మడమ ఎముకలోకి దిగేది ఒకటి, వెనక ఒకటి. పాదం కిందికి వంగి లోపలికి మడతపడితే ముందున్నదే మొదట తెగుతుంది, ఎందుకంటే మూడింట్లో బలం తక్కువది అదే. దెబ్బ ఇంకా గట్టిదైతే మడమకు దిగేది కూడా తెగుతుంది. వెనకది తెగడం అరుదు. తర్వాత పాపను బొటనవేలు మణికట్టుకు ఆనించమన్నారు, మోచేతులు చాచమన్నారు, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు పెట్టమన్నారు. మాకు ఎందుకో అర్థం కాలేదు. కొందరికి పుట్టుకతోనే కీళ్లన్నీ వదులుగా ఉంటాయి. అట్లాంటివాళ్లకు సొంత లిగమెంటునే కుట్టినా మళ్లీ సాగిపోయే ప్రమాదం ఎక్కువ. దానికి తొమ్మిది మార్కుల లెక్క ఒకటి ఉందట. పాపకు ఆ ఇబ్బంది లేదన్నారు.

అంతా చూసి, ఎంఆర్ఐలో లిగమెంటు సాగి మందంగా మారినట్టు కనబడుతున్నా, "ఇప్పుడే ఆపరేషన్ వద్దు" అన్నారు. మా బావ ముఖం మాడిపోయింది. అంత దూరం వచ్చి కోత లేకుండా పంపితే వైద్యం జరగనట్టే అనిపించింది పాపం ఆయనకు. డాక్టరు గారు విసుక్కోకుండా వివరించారు. లిగమెంటు తెగినంత మాత్రాన కాలు నిలవకుండా పోదు. పిక్క బయటి వైపు నుంచి దిగే కండరాలు ఉన్నాయి. పాదం మడతపడబోతే దాన్ని బయటికి లాగి కాపాడేవి అవే. దెబ్బ తగిలాక అవి బలహీనపడతాయి, పైగా ఆలస్యంగా మేలుకుంటాయి. వాటికి తర్ఫీదు ఇస్తే ఎక్కువమంది పిల్లలకు కత్తి అవసరమే రాదు. 2023 ప్రపంచ కప్‌లో పుణెలో బంగ్లాదేశ్‌తో ఆడుతూ హార్దిక్ పాండ్య ఎడమ చీలమండ దెబ్బ తిని టోర్నీకే దూరమైన సంగతి పాపకు గుర్తుచేసి, తర్వాతి వేసవి ఐపీఎల్‌లో ఆయన మళ్లీ దిగలేదా అని అడిగారు.

మూడు నెలల కసరత్తు రాసిచ్చారు. ఎంఆర్ఐ ఒక్కటి చూసి ఆపరేషన్ తేదీ ఇచ్చేవాళ్లు ఉన్నారని తర్వాత విన్నాను. ఎదిగే పిల్లల విషయంలో అది తొందరపాటనే నేను గట్టిగా నమ్ముతున్నాను. కసరత్తు నిజాయతీగా చేసి చూడకముందు ఎవరు కత్తి మాట ఎత్తినా తల్లిదండ్రులు ఒకసారి ఆగి అడగాలి.

పాప మటుకు నిజాయతీగానే చేసింది. రబ్బరు పట్టీ ఒక కొసను మగ్గం గుంజకు కట్టి, రెండో కొసలో పాదం పెట్టి బయటి వైపుకు లాగేది. మడిచిన దుప్పటి మీద ఒంటి కాలితో నిలబడేది, మొదట కళ్లు తెరిచి, తర్వాత కళ్లు మూసుకుని. బావ పొద్దున్నుంచీ మగ్గం తొక్కుతూనే పాప వైపు ఒక కన్ను వేసి ఉంచేవాడు. బలం వచ్చింది. మామూలు నడకలో కాలు తప్పడం తగ్గింది. కానీ పరుగెత్తి పక్కకు తిరిగితే చాలు, మళ్లీ అదే. మూడు నెలల తర్వాత కూడా ఆ బల్ల మీద పాదం అట్లాగే ముందుకు జారింది. అప్పుడు అన్నారు డాక్టరు గారు, "ఇంక కుట్టాల్సిందే" అని. ఇట్లాగే వదిలేస్తే ప్రతిసారీ లోపలి ఎముకల మీది మృదులాస్థి రాపిడికి లోనవుతుందనీ, అది అరిగితే మళ్లీ పెరిగేది కాదనీ చెప్పారు. మా బావ చప్పున ఒప్పుకున్నాడు. కోత అనగానే వణికే మనిషి, మూడు నెలలు పిల్ల కష్టం కళ్లారా చూశాక ధైర్యం తెచ్చుకున్నాడు.

గౌరిబిదనూరు దాటాక మాకళిదుర్గం కొండల మధ్య రైలు వంపులు తిరుగుతుంది. ఆ దారిలో నాకు చాలా ఇష్టమైన చోటు అది. పాప ఎదురు సీటు మీద కాలు చాపుకుని స్టేషన్లలో కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదువుతూ వచ్చింది. మన అక్షరాలకు దగ్గరే కాబట్టి దొడ్డబళ్లాపుర దాకా ఒక్కటీ వదల్లేదు. యలహంక దాటాక మాత్రం మాటలు తగ్గిపోయాయి. బెంగళూరు స్టేషన్లో దిగి మెజెస్టిక్ వైపు బయటికొచ్చి ఆటో ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మామా, ఆపరేషన్ అయినాక కాలు బిగుసుకుపోతే? స్తంభం కాడ తిరగడానికే రాకపోతే?" అంది. ఆ ప్రశ్న డాక్టర్ని నువ్వే అడుగు అని ఆమెకే చెప్పాను. అడగాల్సింది ఆమే గదా.

సాయంత్రం వార్డులో ఆయన వచ్చి కూర్చుని, ఫైలు వెనక తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పాప భయం ఉత్తదేం కాదు. 1940ల నుంచి చాలాకాలం సర్జన్లు ఈ కాలును నిలబెట్టడానికి పక్కనున్న కండరపు స్నాయువును తీసి, ఎముకలో రంధ్రాలు చేసి, తెగిన లిగమెంటు చోట దాన్ని చుట్టి కట్టేవారు. కాలు నిలిచేది, కానీ పాదం లోపలికి తిరగడం బిగుసుకుపోయేది. పైగా కాలును కాపాడే కండరం నుంచే స్నాయువును తీసుకున్నట్టయ్యేది. 1966లో స్వీడన్ సర్జన్ లెనార్ట్ బ్రోస్ట్రోమ్ వేరే దారి చూపించారు. పాత దెబ్బలో కూడా తెగిన లిగమెంటు మాయమైపోదు, సాగి, మచ్చకట్టి అక్కడే ఉంటుంది, దాన్నే పొట్టి చేసి నేరుగా కుట్టవచ్చు అన్నారు. 1980లో అమెరికాలో గూల్డ్ అనే సర్జన్ దానికి ఒక బలం జోడించారు. చీలమండ ముందు స్నాయువులను అదిమి ఉంచే ఒక పట్టీ ఉంటుంది, దాన్ని పైకి లాగి కుట్టు మీద కప్పి ఎముకకు కుట్టడం. ఇప్పటికీ ప్రపంచమంతా మొదట చేసేది ఇదేనట, బ్రోస్ట్రోమ్ గూల్డ్ అంటారు. మారింది పనిముట్లు. వెనకటికి ఎముకకు చిల్లులు పెట్టి దారం దూర్చేవారు. ఇప్పుడు దారాలు అమర్చిన చిన్న మేకుల్లాంటివి ఎముకలో దింపుతారు, యాంకర్లు అంటారు. కణజాలం నాసిగా ఉన్నా, ఒళ్లు బరువున్నా పై నుంచి గట్టి టేపు కూడా వేస్తారు. పాప లిగమెంటు బాగానే ఉంటుందనుకుంటున్నాం, టేపు ఖర్చు అక్కర్లేకపోవచ్చు అన్నారు. ఆ మాట తనంతట తనే చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

బొమ్మలో సాగిన లిగమెంటును ఎట్లా కత్తిరించి, ఒక కొస మీద ఇంకో కొస వేసి, బిగించి కుడతారో బావ తల వంచి శ్రద్ధగా చూశాడు. "మా పడుగు సాగిపోయినా ఇంతే సార్. వదులు తీసి బిగించకపోతే నేత పడదు" అన్నాడు. ఎంత బిగించాలో ఎట్లా తెలుస్తుంది అని కూడా అడిగాడు. అంత మంచి ప్రశ్న నాకు తట్టలేదు. పాదాన్ని కొంచెం బయటికి తిప్పి పట్టుకుని ముడి వేస్తామని, మరీ బిగిస్తే పాప భయపడినట్టే అవుతుందని డాక్టరు గారు చేతులతో చూపించి చెప్పారు.

ఆపరేషన్ పొద్దున్నే. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింద తిమ్మిరెక్కించారు. మొదట సన్న గొట్టం కెమెరాతో కీలు లోపల చూశారు. మృదులాస్థి చెడలేదు. తర్వాత బయటి బుడిపె ముందర చిన్న వంపు కోత. టేపు అవసరం పడలేదు. మేం బయట కూర్చున్నంతసేపట్లో రాయదగ్గది ఏమీ లేదు. సాయంత్రం పాప కాలివేళ్లు కదిలించి చూపించింది.

నిజమైన పరీక్ష తర్వాతే. ఇంటికి పోయేముందు ఫిజియో మేడమ్ చంకకర్రలతో మెట్లు ఎక్కడం, దిగడం నేర్పింది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలూ కర్రలూ ముందు. ఇది ఎంత చిన్న విషయమో, స్టేషను బ్రిడ్జి ముందు నిలబడినప్పుడు అంత పెద్దదయింది. ఒక్కో మెట్టుకూ పాప పైకే చెప్పుకుంటూ ఎక్కింది. వెనక వచ్చేవాళ్లు తోసుకోకుండా బావ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. రైల్లో కింది బెర్తు మీద, దిండ్ల మీద కాలు గుండె కన్నా ఎత్తులో ఉండేట్టు పెట్టి తీసుకొచ్చాం. కాలు కిందికి వేలాడితే వాపు వస్తుంది, కుట్లు లాగుతాయి.

రెండు వారాలకు కుట్లు తీసి బూటు వేశారు. బూటుతో మెల్లగా బరువు మోపనిచ్చారు. ఆరు వారాల దాకా పాదం లోపలికి తిప్పకూడదని గట్టిగా చెప్పారు, ఎందుకంటే కొత్త కుట్టు లాగబడేది ఆ వైపే. బూటు తీసిన రోజు పాప తన పిక్క చూసుకుని ఏడ్చింది. ఒక కాలు లావు, ఒక కాలు సన్నం. ఏళ్ల పరుగుతో వచ్చిన కండ వారాల్లో కరిగిపోయింది. మచ్చ పక్కన చర్మానికి కొంచెం మేర స్పర్శ కూడా తెలియలేదు. అక్కడ చర్మానికి పోయే సన్న నరం ఉంటుందని, ఎంత జాగ్రత్తగా కోసినా కొందరికి అట్లా అవుతుందని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి మేం బెదరలేదు. ఇప్పుడు చాలావరకు తిరిగి వచ్చింది.

ఆ నెలల్లో నేను తెలుసుకున్నది, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది చిక్కుకునేది ఇక్కడేనని. ఆపరేషన్‌కు అప్పో సప్పో చేసి డబ్బు తెస్తారు. తర్వాతి కసరత్తుకు వారం వారం పట్నం రాలేరు. కుట్టు బాగానే ఉంటుంది, కాలికి మాత్రం ఆట తిరిగి రాదు. మా ఫిజియో మేడమ్ వీడియో కాల్‌లో చూస్తానని ఒప్పుకుంది. ఫోను మగ్గం పలక మీద నిలబెట్టి, పాప మళ్లీ అదే రబ్బరు పట్టీ, అదే గుంజ. మునివేళ్ల మీద లేవడం, ఒంటి కాలితో నిలబడి బంతి పట్టడం, ఆ తర్వాత చిన్న చిన్న గెంతులు. "మోకాలు లోపలికి పోతోంది, మళ్లీ చెయ్" అని అక్కడి నుంచి ఆమె, "ఇంగ చాలు మేడం" అని ఇక్కడి నుంచి ఈమె. జిల్లాకు ఒక ఆటల ఫిజియో ఉంటే ఎందరు పిల్లలు నిలబడతారో అని ప్రతిసారీ అనిపించేది. స్టేడియంలకు పెట్టే డబ్బులో ఎంతో పట్టదు అది.

మూడు నెలలు దాటాక నేరుగా పరుగెత్తనిచ్చారు. ఆటలోకి తిరిగి దిగడానికి నెలల లెక్క ఒక్కటే చాలదని, కాలు పరీక్ష గెలవాలని చెప్పారు. ఒంటి కాలితో ముందుకు గెంతించి టేపుతో కొలుస్తారు. మంచి కాలు దూకిన దూరంలో నూటికి తొంభై వంతులైనా దెబ్బ కాలు దూకాలి. మొదటిసారి పాప ఆ గీత అందుకోలేదు. వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రెండోసారి అందుకుంది. అప్పుడు కూడా స్తంభం చుట్టడం నడక వేగంతో మొదలుపెట్టి, ఒక్కో వారం కొంచెం పెంచుకుంటూ పొమ్మన్నారు. ఇప్పుడు సగం వేగం దాకా వచ్చింది. మ్యాచ్‌కు ఇంకా అనుమతి లేదు.

వాళ్ల పీఈటీ సార్ బెంగళూరు కాగితాలన్నీ అడిగి తీసుకుని చదివాడు. ఇప్పుడు ప్రాక్టీసుకు ముందు జట్టంతా ఒంటి కాలి కసరత్తు చేస్తోంది. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణక్కుండా ఆపడంలో దానికి మించింది లేదని డాక్టరు గారు నాతో ఎన్నోసార్లు అన్నారు. ఎవరికైనా కాలు మడతపడితే సార్ మొదట రెండే చూస్తున్నాడు. నాలుగడుగులు వెయ్యగలదా? బుడిపెల వెనక అంచున ఎముక మీద నొక్కితే నొప్పి ఉందా? అడుగు పడకపోయినా, ఎముక మీద నొప్పి ఉన్నా ఎక్స్‌రేకు పంపుతాడు. కెనడాలోని ఒటావాలో 1992లో తయారైన నియమం అది, ప్రపంచమంతా ఎమర్జెన్సీ వార్డుల్లో వాడుతున్నది. గ్రౌండులో నేర్చుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

అదే జట్టులో ఇంకో పిల్ల ఉంది, పన్నెండేళ్లది. ఆమెకూ కాలు తరచుగా తప్పుతోంది. ఆ వయసులో ఎముక చివర పెరుగుదల పలక ఇంకా మూసుకుని ఉండదు. కొందరికి లిగమెంటు తెగే బదులు ఎముక చివర చిన్న పలుకు ఊడి వస్తుంది, అందుకని ఎక్స్‌రే తప్పనిసరి. ఒకవేళ యాంకరు వేయాల్సి వచ్చినా ఆ పలకకు తగలకుండా వేయాలి. వాళ్లమ్మ నిన్న మా ఇంటికి వచ్చి పాప మచ్చను తడిమి చూసింది, ఖర్చెంతయిందని అడిగింది. మీ పాపకు కోత దాకా రాకపోవచ్చు అని చెప్పాం. వచ్చే నెల మా చెకప్ ఉంది. వాళ్లిద్దరికీ కూడా టికెట్లు తీశాను. ముందు చూపించేది ఫిజియో మేడమ్‌కు.